పసుపు పువ్వు చూసి పేరు పెట్టేయకండి

రోడ్డు డివైడర్ల మీద, అపార్టుమెంట్ల ప్రహరీ వెంట, పార్కుల్లో వాలు కట్టల మీద నేలంతా పరుపులా అల్లుకుని, ఏడాది పొడవునా పసుపు పూలు పూసే మొక్కను మీరు చూసే ఉంటారు. మహా అయితే అడుగు ఎత్తు. నర్సరీల వాళ్లు వెడీలియా అంటారు. శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలొబాటా.

అపోహ: ఇది పసుపు గుంటగలగర. నూనె కాచుకోవచ్చు, పచ్చకామెర్లకు పసరు తాగొచ్చు.

వాస్తవం: కాదు. లోపలికి తీసుకునే మందు విషయం కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనకు గుంటగలగరలు రెండున్నాయి. వరి గట్ల మీదా కాలువల పక్కనా తెల్లగా పూసేది ఒకటి. దాని పువ్వు సెంటీమీటరు వెడల్పు కూడా ఉండదు, ఆకు సన్నగా, గరుకుగా ఉంటుంది, నలిపితే కాసేపట్లో వేళ్లు నల్లబడతాయి. రెండోది పసుపు పూలది, స్ఫాగ్నెటికోలా కాలెండ్యులేసియా. వెడీలియాకు ఇది దగ్గరి చుట్టం, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. పువ్వును బట్టి విడదీయడం కష్టం కాబట్టి ఆకు చూడాలి. పసుపు గుంటగలగర ఆకు సన్నగా సాగి ఉంటుంది, పక్కలకు చీలదు. వెడీలియా ఆకు వెడల్పుగా, మందంగా, పైన నిగనిగలాడుతూ ఉంటుంది; అటూ ఇటూ ఒక్కో మొన పొడుచుకొచ్చి, మొత్తం మూడు మొనలుగా కనిపిస్తుంది. అయితే వెడీలియాలోనూ కొన్ని ఆకులకు పక్క మొనలు ఉండవు. అందుకే ఒక్క ఆకు తెంపి తేల్చేయకుండా, తీగ పొడవునా పది ఆకులు చూడండి. అప్పటికీ అనుమానం తీరకపోతే దాన్ని మందుగా వాడకపోవడమే క్షేమం. గుంటగలగరకు పెద్దలు చెప్పిన గుణాలు, మోతాదులు ఈ మొక్కకు చెల్లవు.

గడ్డి చామంతి అని పిలిచేవాళ్లూ ఉన్నారు. అది వేరే. గడ్డి చామంతికి పొడవాటి కాడ చివర ఒకే పువ్వు, మధ్యలో పసుపు, చుట్టూ కొద్దిపాటి తెల్లటి రేకులు; ఆకు నిండా నూగు. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే పిల్లలైనా గుర్తుపడతారు.

అపోహ: గింజలతో మొలవదు, కాబట్టి మన తోట దాటి పోదు.

వాస్తవం: గింజతో దీనికి పెద్దగా పనే లేదు. నేలకు తగిలిన ప్రతి కణుపూ వేరు తొడుగుతుంది. కత్తిరించిన ముక్కలు చెత్తతోపాటు కాలువలో పడితే చాలు, నీళ్లు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ మళ్లీ మొదలవుతుంది. మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల ఈ మొక్క తోటల అలంకరణ కోసమే ఖండాలు దాటింది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో చేరింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో దీన్ని అమ్మడం, ఇతరులకు ఇవ్వడం చట్టవిరుద్ధం. దక్షిణ చైనాలో ఇది పసుపు గుంటగలగరతో సంకరం చెందుతున్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. మన మందు మొక్కలకు ఇష్టమైన తడి గట్లూ కాలువ ఒడ్లూ దీనికీ ఇష్టమే. నన్ను కలవరపెట్టేది అదే. డివైడర్ మీద, చుట్టూ సిమెంటు మధ్య ఉన్నంతకాలం దీనివల్ల పెద్ద ముప్పు ఉండకపోవచ్చు. చెరువు కట్ట మీద నాటడం మాత్రం నా దృష్టిలో తప్పు.

అపోహ: ఫోన్‌లో ఫొటో తీస్తే యాప్ చెప్పేస్తుంది.

వాస్తవం: ఒక్క పువ్వునే తీస్తే చామంతి కుటుంబంలో ఏ పేరైనా రావచ్చు. ఆకు పైభాగం, కణుపు, పువ్వు పక్క నుంచి, తీగ నేలమీద పాకిన తీరు, ఇవన్నీ తీయండి. వచ్చిన పేరును ఆకుతో పోల్చి చూసుకోండి.

తీసేయాలనుకుంటే పైపైన కోయడం వల్ల లాభం లేదు. వాన పడి నేల మెత్తబడ్డాక వేళ్లతో సహా పీకి, ముక్కలు ఏరి, సిమెంటు నేల మీదో టార్పాలిన్ మీదో పూర్తిగా ఎండనివ్వాలి. పచ్చిగా కంపోస్టు గుంతలో వేస్తే అక్కడే వేళ్లూనుకుంటుంది. ఖాళీ అయిన చోట బొక్కెనాకు నాటి చూడండి. మన నేలకు అలవాటైన మొక్క, నేలను అంటుకుని పాకుతుంది, తొక్కుడునూ తట్టుకుంటుంది.