రైలు ఆగాక మొదలైన హత్యలు

మార్సెయ్ నుంచి రాత్రంతా నడిచిన రైలు తెల్లవారి పారిస్ చేరుతుంది. ప్రయాణికులు సామాన్లు దించుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఒక పెట్టెలో మాత్రం ఓ యువతి బెర్తు మీద నుంచి లేవదు. ఎవరో గొంతు పిసికి చంపేశారు. 1965లో వచ్చిన ఫ్రెంచి సినిమా ‘కోంపార్తిమాఁ త్యుయేర్’ కథ ఇక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషులో దీన్ని ‘ది స్లీపింగ్ కార్ మర్డర్’ అన్నారు. అసలు పేరులో ఓ చమత్కారముంది. అప్పట్లో ఫ్రెంచి రైళ్లలో పొగతాగేవారికి విడిగా పెట్టెలుండేవి, వాటిని ‘కోంపార్తిమాఁ ఫ్యుమేర్’ అనేవారు. ఆ మాటను కాస్త మార్చి ‘హంతకుల పెట్టె’ చేశారు.

రైలు హత్య అనగానే అగాథా క్రిస్టీ 1934 నాటి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నవల గుర్తొస్తుంది. అందులో రైలు మంచులో చిక్కుకుపోతుంది, అనుమానితులంతా డిటెక్టివ్ కళ్లెదుటే ఉంటారు. ఇక్కడ అంతా తలకిందులు. శవం బయటపడేసరికే రైలు ఖాళీ. ఆ పెట్టెలో ఆరు బెర్తులు, మన స్లీపర్‌లోలాగే అటు మూడు, ఇటు మూడు. వాటిలో పడుకున్నవాళ్లను మహానగరంలో ఒక్కొక్కరినీ వెతికి పట్టుకోవాలి. పోలీసులు చేరేలోపే హంతకుడు చేరుతుంటాడు. సాక్షి, అనుమానితుడు, తర్వాత శవం... ఈ మూడు వేషాలూ ఒకే మనిషికి పడతాయి. సినిమాకు ప్రాణం ఈ మెలికే.

మొదటిసారి పారిస్ వచ్చిన బంబి అనే అమ్మాయి, టికెట్ లేకుండా ఎక్కిన దానియెల్ అనే కుర్రాడికి ఆ పెట్టెలో చోటిస్తుంది. అంటే పోలీసుల లెక్కలోకి రాని ప్రయాణికుడొకడు ఉన్నాడన్నమాట. చూసేవాళ్లకు తెలిసిన ఈ సంగతి పోలీసులకు తెలియదు. ఉత్కంఠ సగం అక్కడే పుడుతుంది.

దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ గ్రాజీగా ఈవ్ మోంతాఁ నటించాడు. ఇతడు షెర్లాక్ హోమ్స్ తరహా మేధావి కాడు. జలుబుతో, అలసటతో, పైఅధికారి పోరు పడుతూ తిరిగే మామూలు ఉద్యోగి. వయసు మళ్లుతున్న నటి ఎలియాన్‌గా సిమోన్ సిన్యోరే, ఆమె పడుచు ప్రియుడిగా జాఁ లూయీ త్రాంతిన్యాఁ కనిపిస్తారు. అతడిలో ప్రేమెంతో, లెక్కలెంతో తేల్చుకోలేని ఆమె దిగులును సిన్యోరే పెద్దగా మాటలు లేకుండానే పలికించింది. తారాగణంలో ఒక కుటుంబమే ఉంది. మోంతాఁ, సిన్యోరే నిజజీవితంలో భార్యాభర్తలు. బంబిగా వేసిన కాథరీన్ అలెగ్రే సిన్యోరే కూతురు. మిషెల్ పికోలీది చిన్న పాత్రే అయినా మరిచిపోలేం.

మూలం సెబాస్టియన్ జాప్రిజో 1962లో రాసిన నవల. ఈయన మార్సెయ్‌లో పుట్టాడు, అసలు పేరు జాఁ బాప్టిస్ట్ రోసీ. ఆ పేరులోని అక్షరాలనే అటూఇటూ మార్చి కలంపేరు చేసుకున్నాడు. తన పేరుతోనే చిక్కుముడి వేసిన రచయిత కథలో ఊరుకుంటాడా!

దర్శకుడు కోస్టా గావ్రాస్‌కు ఇది తొలి చిత్రం. 1933లో గ్రీసులో పుట్టి, చదువు కోసం పారిస్ వచ్చి, సినిమా విద్య నేర్చి, రెనే క్లెమాఁ వంటి దర్శకుల దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. తొలి సినిమాలోనే కెమెరా నిలకడగా ఉండదు. నలుపు తెలుపుల్లో వెడల్పాటి తెర మీద పారిస్ వీధులు పరుగెడుతుంటాయి. ఆఖర్లో వాహనాల వెంటాటను ఇప్పుడు చూసినా పాతబడిందనిపించదు. హత్యల వెనకున్న కారణాన్ని మాత్రం చివర్లో హడావుడిగా విప్పారు. కాస్త నిదానిస్తే బాగుండేది.

నాలుగేళ్ల తర్వాత, 1969లో, మోంతాఁ, త్రాంతిన్యాఁ, దానియెల్‌గా వేసిన జాక్ పెరాఁలతోనే కోస్టా గావ్రాస్ ‘జెడ్’ తీశాడు. గ్రీసులో జరిగిన ఒక రాజకీయ హత్య దాని కథ. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా దానికి ఆస్కార్ వచ్చింది.