పరాధీనులైన వృద్ధుల దేహశుద్ధి

ప్రతిదినము ప్రాతఃకాలమున మనము పండ్లు తోముకొని, స్నానమాడి, ఉతికిన వస్త్రములు ధరించి పాఠశాలకు వచ్చుచున్నాము. ఈ పనులు మన చేతులతో మనమే చేసికొనుచున్నందున వీని విలువ మనకు తెలియదు. మంచముపై నుండి ఒకరి సాయమునకై ఎదురుచూచు వృద్ధునకే అది తెలియును.

అమెరికా దేశమున ఇట్టివారి కొరకు నర్సింగు హోములు అను సంరక్షణ గృహములు కలవు. 1963లో కాట్జ్ అను వైద్యుడును ఆయన సహచరులును మనుష్యుని స్వావలంబనమును కొలుచుటకు ఆరు పనులను నిర్ణయించిరి. స్నానము, వస్త్రధారణము, మరుగుదొడ్డికి పోయివచ్చుట, పడకనుండి లేచుట, మలమూత్రములను ఆపుకొనుట, భుజించుట అనునవి యవి. వీనిలో వృద్ధుడు చేసికొనలేని పనిని సంరక్షకులు చేయవలెను. 1987లో ఆ దేశమున చేయబడిన సంస్కరణ చట్టమును, దాని ననుసరించిన నిబంధనలును ఇట్టివారికి దేహశుద్ధియు నోటిశుద్ధియు లోపింపరాదని విధించుచున్నవి.

అయినను లోపము కలుగుచునే యున్నది. పరిచారకులు కొద్దిమంది, పని విస్తారము. మతిమరపు గలవారు కొందరు స్నానమునకు భయపడి నిరాకరింతురు. "ఒప్పుకొనలేదు" అని వ్రాసి విడుచుట సులభము. అట్టివారిని బలవంతపెట్టనుగూడదు, విడువనుగూడదు. కొంతసేపైన పిమ్మట మరల మృదువుగా అడిగి, తలుపు మూసి, దేహమును తువాలుతో కప్పి, గోరువెచ్చని నీటితో కొంచెము కొంచెముగా తుడువవలెను.

ఈ యుపేక్ష కేవలము దుర్గంధముతో ముగియదు. తడిసిన బట్టలలో నుండుటచే చర్మము మెత్తబడి చిట్లును. ఒకే ప్రక్క పడియుండుటచే అచ్చట రక్తప్రసారము తగ్గి పడకపుండ్లు పుట్టును. శుభ్రపరచని నోటిలోని సూక్ష్మజీవులు లాలాజలముతో ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగించును. జపాను దేశపు వృద్ధుల గృహములలో జరిగి 1999లో ప్రకటింపబడిన పరిశోధనలో, భోజనానంతరము పరిచారకులచే పండ్లు తోమబడినవారిలో నూటికి 11 మందికిని, అట్టి సంరక్షణ లేనివారిలో నూటికి 19 మందికిని న్యుమోనియా వచ్చెను. ఒక చిన్న కుంచె చేసిన మేలు ఎంతటిదో చూడుడు!

దూరదేశమువారిని నిందించుటకు నాకు అర్హత లేదు. బాల్యమున మా నాయనమ్మ మంచము పట్టినప్పుడు, తల దువ్వుమని ఆమె నన్ను పిలిచెడిది. నేను చదువు నెపమున తప్పించుకొనెడివాడను. కొన్నాళ్లకు ఆమె పిలుచుట మానెను. అక్కర తీరినది గనుక మానినదని తలంచితిని. అడిగి అడిగి విసిగి మానినదని పిదప గ్రహించితిని.

కావున, విద్యార్థులారా, మీ యింట మంచము పట్టిన పెద్దలుండినయెడల వారు అడుగువరకు వేచియుండకుడు. గోళ్లు తీయుడు, నోరు కడుగుడు, దుప్పటి మార్చుడు. తలిదండ్రులారా, మీ పెద్దలను ఏదేని గృహమున ఉంచినచో, చూడబోయినప్పుడు ఫలములిచ్చి వెంటనే మరలక, వారి నోటిని, మడమలను, పడకను పరిశీలింపుడు.