హైబ్రిడ్ కారులో సందేశముల సత్యపరీక్ష

ఎద్దులబండి తోలువాడు పగ్గము లాగినచో ఆ లాగుడు తిన్నగా ఎద్దు ముకుతాటికి చేరును. నడుమ మరియొకరు లేరు. పాతకాలపు మోటారు కారులోను ఇంచుమించు ఇదియే పద్ధతి. యాక్సిలరేటరును తొక్కినంతనే ఒక ఉక్కుతీగె కదలి ఇంజనులోనికి గాలి పోవు ద్వారమును తెరచెడిది. నేటి హైబ్రిడ్ కారులో అట్టి తీగె లేదు. అందు కాలు చేయునది కోరిక తెలుపుట మాత్రమే. ఆ కోరికను ఒక చిన్న గణనయంత్రము గ్రహించి, అంకెలుగా మార్చి, మరియొక యంత్రమునకు తెలియజేయును. అది లెక్క వేసి మూడవదానికి ఆజ్ఞ పంపును. ఆ అంకెలు దారిలో మారిపోయినచో ఏమగును? ఆలస్యముగా చేరినచో? అసలు చేరకయే పోయినచో? మన పిల్లలను ఎక్కించుకొని పోవు బండి గనుక ఈ ప్రశ్నలు ఇంజనీర్లకే గాక మనకును సంబంధించినవే.

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు అను రెండింటి బలముతో నడచు బండిని హైబ్రిడ్ అందురు. పెద్దయెత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు టొయోటా సంస్థవారి ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో అమ్మకమునకు వచ్చినది. నేడు అట్టి కార్లు బెంగుళూరు సమీపముననున్న బిడదిలో సైతము తయారగుచున్నవి. ఇట్టి బండిలో ఇంజనుకొకటి, మోటార్లకొకటి, బ్యాటరీకొకటి, బ్రేకులకొకటి చొప్పున గణనయంత్రములుండును. వీటిని కంట్రోల్ మాడ్యూళ్లు అందురు. అన్నిటికిని పెద్దగా, ఎవరు ఎంత పని చేయవలెనో నిర్ణయించు హైబ్రిడ్ మాడ్యూలు ఒకటి కలదు.

వీటి నడుమ మాట ఎంత ముఖ్యమో బ్రేకు విషయములో స్పష్టముగా తెలియును. బ్రేకు తొక్కినప్పుడు మోటారు జనరేటరుగా మారి, బండి వేగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపును. మిగిలిన నిరోధమును మామూలు బ్రేకులు కలిగించును. తోలువాడు కోరిన నిరోధము నూరు పాళ్లనుకొందము. మోటారు అరువది పాళ్లు భరించినచో బ్రేకులు నలువది పాళ్లు భరింపవలెను. బ్యాటరీ నిండిపోయి మోటారు ఇరువది పాళ్లే తీసికొనగలిగినచో, ఆ సంగతి వెంటనే బ్రేకు మాడ్యూలునకు చేరవలెను. అది చేరనిచో, పాత లెక్క ప్రకారము బ్రేకులు నలువదియే పట్టును. నలువది పాళ్లు లోటు వచ్చును. రద్దీ వీధిలో ఆ లోటు ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ మాటలు నడచు దారి చాల వాహనములలో క్యాన్ అను పద్ధతి. జర్మనీలోని బాష్ సంస్థవారు 1983లో దీని రూపకల్పనకు పూనుకొని 1986లో లోకమునకు ప్రకటించిరి. 1993లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇందు పురి పెట్టిన రెండు సన్నని తీగెలుండును. మాడ్యూళ్లన్నియు వానికే తగిలించియుండును. ఒకటి పలికినది అన్నిటికిని వినబడును. దారి ఊరకున్నప్పుడు రెండు తీగెలయందును సుమారు 2.5 వోల్టులుండును. సంకేతము పంపునప్పుడు ఒకటి 3.5 వోల్టులకు పెరుగును, రెండవది 1.5 వోల్టులకు తగ్గును. వినువారు చూచునది ఈ రెండింటి నడుమనున్న తేడాను మాత్రమే.

ఇట్లు తేడాను చూచుటలో గొప్ప యుక్తి కలదు. హైబ్రిడ్ కారులో అధిక విద్యుత్ పీడనము ఉండును. రెండవ తరపు ప్రియస్ బ్యాటరీ 201.6 వోల్టులది. మోటారు కొరకు దానిని 500 వోల్టుల వరకు పెంచెదరు. ఆ విద్యుత్తును సెకనుకు వేలమారులు తెంపి కలుపుచుండుటచే చుట్టుపట్ల తీగెలలో అలజడి పుట్టును. ఒకే పడవలో కూర్చున్న ఇద్దరు అలవచ్చినప్పుడు కలసి లేచి కలసి దిగుదురు. వారి ఎత్తులలోని తేడా మారదు. అట్లే పురి పెట్టిన రెండు తీగెలును అలజడికి ఒకే విధముగా లోనగును గనుక, వాని నడుమనున్న తేడా చెడదు.

అయినను కొన్ని సందేశములు చెడవచ్చును. అందుచే ప్రతి సందేశము చివర ఒక తనిఖీ సంఖ్య చేర్తురు. దుకాణదారు చీటీలో సరకుల వెలలు వ్రాసి అడుగున మొత్తము వేయును. నడుమ ఒక అంకె మారినచో మొత్తముతో సరిపోదు. ఇదియు అట్టిదే, కాని కూడికకంటె కట్టుదిట్టమైన లెక్క. క్యాన్‌లో ఆ సంఖ్య 15 బిట్లది. ఒక సందేశములో అక్కడక్కడ ఐదు బిట్ల వరకు తారుమారైనను పట్టుకొనునట్లు దానిని కల్పించిరి. తప్పును గమనించిన ఏ మాడ్యూలైనను తప్పని చాటును. అందరును ఆ సందేశమును విడిచివేయుదురు. పంపినది మరల పంపును. మరియొక కట్టుబాటును చెప్పదగినది. ప్రతి మాడ్యూలును తన తప్పులను తానే లెక్కించుకొనుచుండును. పంపుటలో తప్పు జరిగిన ప్రతిమారును లెక్కకు ఎనిమిది చేరును. సరిగా పంపిన ప్రతిమారును ఒకటి తగ్గును. లెక్క 255 దాటినచో అది దారినుండి తప్పుకొని మౌనము వహించును. చెడిన యంత్రము తక్కినవాని మాటలను చెడగొట్టకుండుటకే ఈ ఏర్పాటు.

ఇంతతో పని ముగిసినదని తలపరాదు. తనిఖీ సంఖ్య తీగెపై జరిగిన మార్పును మాత్రమే పట్టును. పంపిన మాడ్యూలులోని లెక్కయే ఆగిపోయి, పాత అంకెనే మరల మరల పంపుచున్నచో, ప్రతి సందేశమును చక్కగానే కనబడును. ఆగిన గడియారము ముఖము ఎంత శుభ్రముగా నున్నను అది చూపు వేళ నిజము కాదు. అందుచే సందేశములోనే మరియొక వరుససంఖ్యను చేర్తురు. కళ్లములో ధాన్యము కొలుచువాడు “లాభము, రెండు, మూడు” అని పైకి పలుకుచు కొలుచును. ఒక సంఖ్య తప్పినను, రెండుమారులు పలికినను చుట్టునున్నవారు వెంటనే అడ్డగింతురు. అట్లే వరుససంఖ్య ప్రతి సందేశమునకు ఒకటి చొప్పున పెరుగవలెను. పెరుగక నిలిచినచో పాతమాట యని, ఎగిరినచో నడుమ ఒకటి పోయినదని తెలియును. నిర్ణీతకాలములో ఏ సందేశమును రానిచో దానిని కూడ దోషముగానే పరిగణింతురు. వాహనముల ఎలక్ట్రానిక్ వ్యవస్థల భద్రతకై 2011లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 26262 అను ప్రమాణము సందేశము పోవుట, ఆలస్యమగుట, మరల వచ్చుట, వరుస తప్పుట, చెడిపోవుట, ఒకరి పేర మరియొకరు పంపుట అను దోషములను ఆలోచింపవలెనని చెప్పుచున్నది.

సందేశము చెడక, వేళకు, వరుసగా వచ్చినను అందలి విషయము నమ్మదగినదా యను ప్రశ్న మిగిలియుండును. ఇందుకు సాక్ష్యములను పోల్చి చూతురు. యాక్సిలరేటరు వద్ద కాలి ఒత్తిడిని కనుగొను సాధనములు ఒకటి కాదు, రెండు. రెండింటి వోల్టులు వేర్వేరుగా నుండునట్లు అమర్తురు. రెండు తీగెలును ఒకదానినొకటి తాకి ఒకే అంకె చూపినచో దోషము బయటపడును. మొదటి రెండు తరముల ప్రియస్ కారులో ఇంజనును, జనరేటరును, మోటారును కలుపు పళ్లచక్రముల కూటమి మరియొక సాక్షి. నడిమి చక్రమునకు 30 పళ్లు, వెలుపలి వలయమునకు 78 పళ్లు. అందుచే ఇంజను తిరుగుళ్లను 3.6చే హెచ్చించి, మోటారు తిరుగుళ్లను 2.6చే హెచ్చించి తీసివేసినచో జనరేటరు తిరుగుళ్లు వచ్చును. బండి నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 1,000 మారులు తిరిగినచో జనరేటరు 3,600 మారులు తిరిగి తీరవలెను. 2,000 అని సందేశము వచ్చినచో ఎవరో ఒకరు తప్పు చెప్పుచున్నారని గణితమే తేల్చును.

అనుమానము కలిగిన పిదప ఏమి చేయవలెను? ఒక్కసారిగా ఆగిపోవుట రహదారిపై ప్రమాదకరము. అందుచే బండి శక్తిని తగ్గించుకొని, దీపము వెలిగించి, ప్రక్కకు చేరుటకు వీలిచ్చు రక్షణస్థితికి పోవునట్లు ఏర్పరతురు. ఈ ఏర్పాటును కూడ పరీక్షింపవలెననుటకు ఒక దృష్టాంతము కలదు. 2014 ఫిబ్రవరిలో టొయోటా సంస్థవారు సుమారు 19 లక్షల ప్రియస్ కార్లను సరిచేయుటకు వెనుకకు పిలిచిరి. విద్యుత్ పీడనమును పెంచు భాగములోని ట్రాన్సిస్టర్లు మిక్కిలి వేడెక్కి చెడవచ్చునని తేలుటయే కారణము. తిరిగి 2018 అక్టోబరులో సుమారు 24 లక్షల హైబ్రిడ్ కార్లను పిలువవలసి వచ్చినది. అరుదుగా కొన్నివేళల బండి రక్షణస్థితికి పోవుటకు మారుగా శక్తిని కోల్పోయి నిలిచిపోవచ్చునని అప్పుడు కనుగొనిరి. ఇది తీగెలోని సందేశదోషము కాదు. కాని దోషమును పట్టుట ఎంత ముఖ్యమో, పట్టిన పిదప చేయవలసిన పని సరిగా జరుగుట అంత ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

అందుకే తయారీశాలలలో మాడ్యూళ్లను బల్లపై అమర్చి, తక్కిన బండి అంతయు ఉన్నట్లు గణనయంత్రముచే భ్రమ కల్పించి, బుద్ధిపూర్వకముగా దోషములను ప్రవేశపెట్టుదురు. ఒక సందేశమును ఆపుదురు, ఒకదానిని ఆలస్యముగా పంపుదురు, ఒక అంకెను మార్తురు, తీగెను తెంపుదురు. మాడ్యూలు ఎంత వేళలో గుర్తించినది, గుర్తించి ఏమి చేసినది అని వ్రాసికొందురు. గుర్తింపకున్నచో ఆ మాడ్యూలు పరీక్షలో తప్పినట్లే.

మరమ్మతు శాలలో పరీక్ష వేరు రీతిగా నడచును. మొదట మాడ్యూళ్లు దాచియుంచిన దోషసంకేతములను చదువుదురు. యు అక్షరముతో ఆరంభమగునవి మాటల రాకపోకలకు సంబంధించినవి. యు 0100 అనిన ఇంజను మాడ్యూలుతో మాట తెగినదని అర్థము. అంతమాత్రమున ఇంజను మాడ్యూలే చెడినదని తీర్మానింపరాదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినను ఇట్టి సంకేతములు గుంపుగా వచ్చును. దానిని సరిచూచిన పిదప, విద్యుత్తును ఆపి రెండు క్యాన్ తీగెల నడుమ నిరోధమును కొలుతురు. దారికి ఇరుకొనలను 120 ఓముల నిరోధకములుండును గనుక కొలత 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన తెగినదన్నమాట. సున్నకు దగ్గరగా వచ్చినచో రెండు తీగెలును తాకుచున్నవన్నమాట. నిరోధము సరిగా నున్నను కుదుపులో మాత్రమే వచ్చు దోషములు కలవు. అట్టివాటికై కొలతను చూచుచునే తీగెలను, కనెక్టర్లను మెల్లగా కదలింతురు. నీరు చేరి త్రుప్పుపట్టిన కనెక్టరు ఒక్కటియే పెక్కు మాడ్యూళ్లను దోషులుగా చూపగలదు.

ఒక హెచ్చరిక. హైబ్రిడ్ కారులో నారింజరంగు తొడుగుగల తీగెలు ప్రాణాపాయకరమైన విద్యుత్తును మోయునవి. తగిన శిక్షణ, విద్యుత్తు సోకని చేతితొడుగులు లేనివారు వానిని తాకరాదు. బండి కొనినవారును కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. కొత్త హారను, దీపములు, అలారము అమర్చువారు పురి తీగెలను కోసి అతుకులు వేయుటకు అంగీకరింపరాదు. హెచ్చరిక దీపము వెలిగినప్పుడు, బండి నడచుచున్నదిగదా యని ఉపేక్షింపరాదు. ఖరీదైన మాడ్యూలును మార్చవలెనని చెప్పినప్పుడు, బ్యాటరీని చూచితిరా, తీగెలను కొలిచితిరా, ఎన్ని ఓములు వచ్చినవి అని అడుగుటకు సంకోచింపరాదు. నిజముగా పరీక్షించినవాడు ఆ అంకెను చెప్పగలడు.