కుక్కపిల్లకు ‘పేపర్లు’ ఉంటే చాలా? వంశావళి పుస్తకాలు చెప్పేది, చెప్పనిది

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఓవర్‌హాలింగ్ ముగించుకుని బయటికొచ్చే బోగీని గమనించండి. దాని చివరి గోడ మీద వర్క్‌షాపు గుర్తు, మళ్లీ ఎప్పటికి తిరిగి రావాలో తేదీ రాసి ఉంటాయి. కొత్త రంగుతో ఎంత మెరిసినా రైల్వేవాళ్లు చూసేది ఆ రాతనే. మనుషులకూ అంతే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సర్వీస్ రిజిస్టర్ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. ఎప్పుడు చేరారు, ఏ పని చేశారు, ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, శిక్ష ఏమైనా పడిందా, అన్నీ అందులో ఉంటాయి.

కుక్కపిల్లను కొనేటప్పుడు మాత్రం, ఖరగ్‌పూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా, మన విచారణ తరచూ ఒక్క ప్రశ్నతో ముగిసిపోతుంది: “పేపర్లున్నాయా?” ఉన్నాయంటే ధర పెరుగుతుంది. వాటిలో ఏముంది, ఏం లేదు అని అడిగేవాళ్లు తక్కువ.

ఆ సంగతి అర్థం కావాలంటే పాయింటర్, సెట్టర్ జాతుల దగ్గరికి వెళ్లాలి. కుక్కల వంశావళి పుస్తకాల పుట్టుకలో ఈ వేటకుక్కల పోటీలదే పెద్ద పాత్ర.

పొదలో దాగిన కౌజు పిట్ట వాసన తగలగానే పాయింటర్ దాని మీదికి దూకదు. ముక్కు అటువైపు పెట్టి, తరచూ ఒక ముందుకాలు ఎత్తి, వేటగాడు వచ్చేదాకా బొమ్మలా నిలబడిపోతుంది. శిక్షణ ఈ గుణానికి సాన పెడుతుంది గానీ, గుణం మాత్రం చాలావరకు పుట్టుకతో వచ్చేదే. రెండు నెలల పిల్లను చూసి దాని ముక్కు ఎంత చురుకైనదో, పెద్దయ్యాక గంటల తరబడి పరుగెత్తగలదో లేదో చెప్పలేం. దాని తల్లిదండ్రులు, తోబుట్టువులు మైదానంలో ఏం చేశాయన్నదే మనకున్న ఆధారం. రిజిస్ట్రీ విలువంతా అక్కడే ఉంది.

1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జరిగిన ప్రదర్శనకు పాయింటర్లను, సెట్టర్లను మాత్రమే అనుమతించారు. అక్కడ పాయింటర్లకు మార్కులు వేసిన న్యాయనిర్ణేత గారి కుక్క సెట్టర్లలో గెలిచింది. సెట్టర్ల న్యాయనిర్ణేత గారి కుక్క పాయింటర్లలో గెలిచింది! అందం మీద ఇచ్చే తీర్పు ఎంత దూరం నమ్మదగినదో అప్పుడే తెలిసిపోయింది. 1865లో మైదానంలో పని చూసి మార్కులు వేసే ఫీల్డ్ ట్రయల్స్ మొదలయ్యాయి. 1873లో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. 1859 నుంచి జరిగిన ప్రదర్శనల, ట్రయల్స్ ఫలితాలతో మరుసటి ఏడాదే తొలి స్టడ్ బుక్ వెలువడింది. అప్పటికి ఒకే పేరుతో ఎన్నో కుక్కలుండేవి. గెలిచిన కుక్క ఏది, ఈ పిల్లల తండ్రి ఏది అన్నది తేల్చడం కష్టం. అందుకే 1880లో పేర్ల నమోదు పద్ధతి తెచ్చారు. మొదట్లో దాన్ని చాలామంది వ్యతిరేకించారు.

అమెరికాలో పక్షివేట కుక్కలకు ఫీల్డ్ డాగ్ స్టడ్ బుక్ అని విడిగా ఒక రిజిస్ట్రీ ఉంది. అక్కడి జాతీయ ఛాంపియన్‌షిప్ టెనెసీ రాష్ట్రంలో గ్రాండ్ జంక్షన్ అనే చిన్న ఊరి దగ్గర జరుగుతుంది. అదీ ఖరగ్‌పూర్‌లాగే రెండు రైలు మార్గాలు కలిసినచోట వెలిసిన ఊరే. ఆ పోటీలో ఒక్కో కుక్క మూడు గంటలు పరుగెత్తాలి. జర్మనీవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 1902లో మొదలైన డ్రాట్‌హార్ క్లబ్ నియమాల ప్రకారం తల్లి, తండ్రి రెండూ పని పరీక్షలు, తుంటి ఎక్స్‌రే దాటితేనే వాటికి సంతానం కనే అర్హత వస్తుంది. అక్కడ పిల్లకు పేపర్లున్నాయంటే తల్లిదండ్రులు పని చేసి చూపించాయని అర్థం. చాలా రిజిస్ట్రీలలో అలా కాదు. వాటి కాగితం పుట్టుక చెబుతుంది, పనితనం చెప్పదు. అలాంటి కాగితంతో గొప్పలు పోవడమంటే తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టే.

పుస్తకానికి ఇంకో జబ్బు కూడా ఉంది. ఒక కుక్క ఛాంపియన్ అయితే అందరూ దానితోనే సంతానం కనిపిస్తారు. కొన్ని తరాలకు జాతంతా దగ్గరి బంధువులే అవుతారు. ఆ ముప్పును ముందుగా లెక్కగట్టి చెప్పగలిగేది వంశావళి పుస్తకమే. కానీ బయటి రక్తానికి తలుపు మూసేసేదీ అదే.

డాల్మేషన్ల కథ ఇందుకు సాక్ష్యం. ఆ జాతిలో ఒక జన్యులోపం అన్ని కుక్కలకూ పాకింది. మూత్రంలో యూరిక్ ఆమ్లం పెరిగి, చాలావాటికి రాళ్లు ఏర్పడేవి. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషన్‌ను ఒక్కసారి పాయింటర్‌తో కలిపి, ఆ సంతానాన్ని తరతరాలుగా మళ్లీ డాల్మేషన్లతోనే కలుపుతూ వచ్చారు. మచ్చలు నిలిచాయి, లోపం పోయింది. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అలాంటి రెండు కుక్కలను నమోదు చేసి, జాతి క్లబ్ సభ్యుల అభ్యంతరంతో అక్కడితో ఆపేసింది. మళ్లీ తలుపు తెరిచింది 2011లో. ‘శుద్ధత’ పేరుతో ముప్పై ఏళ్లు పోయాయి. ఆ నొప్పి భరించింది మాత్రం కుక్కలే.

మన దేశంలో పక్షివేట పోటీలకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణలు వేటకు తెర దించాయి. అయినా పాయింటర్ల చరిత్ర నేర్పే పాఠం ఇక్కడి కొనుగోలుదారుకూ పనికొస్తుంది. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా మూలాలు 1896 నాటివి. దాని సర్టిఫికెట్ తల్లిదండ్రులెవరో చెబుతుంది. ఆరోగ్యానికి అది హామీ కాదు. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. కుక్కలకు మైక్రోచిప్ ఉండాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా, ఎనిమిదేళ్లు దాటాక పిల్లలు పుట్టించకూడదు. జీవితకాలంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

కాబట్టి “పేపర్లున్నాయా?” అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. కాగితం మీది మైక్రోచిప్ నంబరు, కుక్క ఒంట్లో ఉన్న నంబరు ఒకటేనా? తల్లికి ఇది ఎన్నో ఈత? తాతల పేర్లలో ఒకటే పేరు ఎన్నిసార్లు వస్తోంది? తల్లిదండ్రులకు తుంటి పరీక్ష చేయించారా? అవి ఏం పని చేయగలవు? వీటికి జవాబులు రాయగలిగిన పుస్తకమే వంశావళి. బోగీ మీది తేదీని నమ్మేది అక్షరాలు అందంగా ఉన్నాయని కాదు. దాని వెనుక ఎవరో చక్రాలు, బ్రేకులు నిజంగా పరీక్షించారని.