ఇనుము అలవాట్లు, అల్యూమినియం భాగాలు

పాత వాహనాల ఇంజిన్లను విప్పి బాగుచేసే పనిలో చలామణిలో ఉన్న నమ్మకాలు చాలావరకు పోత ఇనుముతో, ఉక్కుతో పనిచేసిన తరాల నుంచి సంక్రమించినవి. ఆ లోహాలకు చక్కగా సరిపోయిన పద్ధతులనే అల్యూమినియానికీ వర్తింపజేయడం వల్ల విడదీయవలసిన భాగం పగలడమో, వేసిన రంగు కొద్ది నెలలకే పెచ్చులుగా ఊడడమో జరుగుతూ ఉంటుంది. ఈ తేడా అన్నిటికంటె స్పష్టంగా బయటపడేది ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర. పాతకాలపు పెట్రోలు ఇంజిన్లలో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని కార్బ్యురేటర్ నుంచి సిలిండర్ హెడ్డులోకి చేరవేసే ఈ గొట్టపు పోత సాధారణంగా అల్యూమినియంతో తయారై, ఉక్కు స్టడ్డుల మీద, అంటే తల లేకుండా రెండు కొసలా మరలు ఉండే కడ్డీల మీద, కూర్చుని ఉంటుంది. హెడ్డుకూ దానికీ నడుమ గాలి చొరబడకుండా గ్యాస్కెట్ అనే పలుచని పొర ఉంటుంది.

అల్యూమినియం తుప్పు పట్టదు కనుక బిగుసుకుపోదన్నది వీటిలో మొదటి అపోహ. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద కొన్ని నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడే మాట నిజమే కాని, ఉక్కును ఆనుకుని ఉన్నచోట ఉప్పుతో కూడిన తేమ చేరితే ఆ రెండు లోహాలూ బ్యాటరీలోని రెండు ధ్రువాలుగా మారతాయి, ఆ జతలో హరించుకుపోయేది అల్యూమినియమే. అలా పుట్టే తెల్లని పొడి, ప్రధానంగా అల్యూమినియం హైడ్రాక్సైడు, తాను పుట్టిన లోహంకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్టడ్డుకూ రంధ్రానికీ మధ్య ఉన్న సందులో ఉబ్బి, నట్లన్నీ తీసివేసిన తరువాత కూడా భాగాన్ని కదలనివ్వదు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల గాలీ, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తర రాష్ట్రాల చలికాలమూ ఈ విషయంలో ఒకే పని చేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేస్తే ఈ బెడద వదులుతుందనే వారూ ఉన్నారు. వాస్తవానికి స్టెయిన్‌లెస్ స్టీలు మామూలు ఉక్కుకంటె అల్యూమినియానికి మరింత దూరపు లోహం, అందువల్ల బోల్టు మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రంధ్రం తినివేయబడుతుంది. బిగించే ముందు మరలకు పూసే యాంటీ సీజ్ పేస్టు ఇందుకు తగిన ఉపాయం.

బిగుసుకున్న భాగం ఎదురైనప్పుడు డబ్ల్యూడీ-40 కొట్టి, సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తడం వర్క్‌షాపులలో కనిపించే ఆనవాయితీ. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో రూపొందిన ఆ ద్రవం పేరులోనే నీటిని తొలగించడమనే దాని పని ఉన్నది. క్షిపణుల లోహపు తొడుగుకు తేమ పట్టకుండా చూడడానికి తయారైన దానికి కొంత చొచ్చుకుపోయే గుణం ఉన్నా, ఆ పనికే తయారైన పెనెట్రేటింగ్ ఆయిల్‌తో అది సమానం కాదు, ఆ ఆయిల్ అయినా పది నిమిషాలలో కాక రాత్రంతా నానితేనే ఫలితమిస్తుంది. స్క్రూడ్రైవరు చేసే హాని ఇంకా పెద్దది. గ్యాస్కెట్ కూర్చునే చదునైన ముఖం మీద పడ్డ ఒక్క గంటు నుంచి ఇంజిన్ అదనపు గాలిని పీల్చుకుంటుంది, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది, ఇంజిన్ మితిమీరి వేడెక్కుతుంది. అసలు బలప్రయోగానికి ముందు మరొక్కసారి బోల్టులను లెక్కపెట్టుకోవడం మేలు. బిగుసుకుపోయిందని నిర్ధారించిన భాగాలలో ఎన్నో, జిడ్డు మట్టి కింద కనబడకుండా మిగిలిపోయిన ఒక బోల్టు వల్లనే ఆగి ఉంటాయి. అదీ లేదని తేలిన తరువాత, పోత మందంగా ఉన్నచోట రబ్బరు సుత్తితో అటూ ఇటూ మార్చి మార్చి తట్టడం సరైన పద్ధతి.

వేడి విషయంలో అపోహ మరింత ప్రమాదకరమైనది. ఉక్కు నట్టును ఎర్రబడేదాకా కాల్చి విప్పిన అనుభవం ఉన్నవారు అల్యూమినియం కూడా ఎర్రబడుతుందని ఎదురు చూస్తారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, సిలికాన్ కలిసిన పోత మిశ్రమలోహాలు అంతకంటె తక్కువ వేడికే మెత్తబడడం మొదలుపెడతాయి. ఈ లోపల దాని రంగులో కంటికి ఆనే మార్పేమీ రాదు, కాబట్టి గ్యాస్ మంట కింద అది హెచ్చరిక లేకుండానే కుంగిపోతుంది. అంతదాకా పోకపోయినా, గట్టిదనం కోసం ఉష్ణోపచారం చేసిన పోతలు 200 డిగ్రీలు దాటిన వేడిలో కొంతసేపు ఉంటే ఆ బలాన్ని కోల్పోతాయి. నిజానికి కావలసిన వేడి చాలా తక్కువ. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియం పదిలక్షలలో 23 వంతులు, ఉక్కు 12 వంతులు వ్యాకోచిస్తాయి గనుక, 8 మిల్లీమీటర్ల స్టడ్డు ఉన్నచోట రెండింటినీ కలిపి 100 డిగ్రీలు పెంచినా వాటి మధ్య సుమారు 9 మైక్రాన్ల తేడా వస్తుంది. అది తల వెంట్రుక మందంలో పదో వంతుకు అటూ ఇటూ ఉండే సందే అయినా, తెల్లపొడి పట్టు సడలి నూనె లోపలికి దిగడానికి చాలు. హాట్ ఎయిర్ గన్‌తో అల్యూమినియాన్ని వేడిచేసి, చల్లారనిచ్చి, మళ్ళీ వేడిచేయడం మంటకంటె నెమ్మదైనా నమ్మదగినది. కార్బ్యురేటర్‌లోని పెట్రోలును ముందే పూర్తిగా తీసివేయాలని వేరుగా చెప్పనక్కరలేదు కాని, క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ తడి ఉన్నచోట మంటపెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చునన్నది చాలామందికి తెలియని సంగతి.

స్టడ్డు లోపలే విరిగిపోతే పోతను పారవేయవలసిందేనని భావించేవారికి ఇంటింటా ఉండే పటిక ఒక మార్గం చూపుతుంది. వేడినీటిలో పటికను కరిగినంత కరిగించి, విడదీసిన అల్యూమినియం భాగాన్ని గాజు పాత్రలో ముంచి, ద్రావణాన్ని వేడిగా ఉంచితే, ఆమ్లగుణం గల ఆ నీరు ఉక్కును కొంచెం కొంచెంగా తింటుంది. విరిగిన ముక్క నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి లేస్తూ, కొన్ని గంటలకో రోజులకో అది నల్లని ముద్దగా మారి ఊడివస్తుంది, ఆక్సైడు పొర చాటున ఉన్న అల్యూమినియం దాదాపు చెక్కుచెదరదు. వాచీలు బాగుచేసేవారు విరిగిన ఉక్కు మరలను ఇత్తడి నుంచి తీయడానికి వాడిన పద్ధతే ఇది. అయితే భాగంలో ఉంచవలసిన ఉక్కు తొడుగులేమైనా ఉంటే అవీ కరుగుతాయి, స్టెయిన్‌లెస్ స్టడ్డు మీద మాత్రం ఈ ఉపాయం సాగదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది కాస్టిక్ సోడా: ఇనుప భాగాల జిడ్డు వదిలించే ఆ ద్రావణంలో అల్యూమినియాన్ని ముంచితే రక్షణ పొరా, దాని వెంటనే లోహమూ కరుగుతూ, మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడుతుంది. మురుగు గొట్టాలను శుభ్రపరచే పొడులలో ఉండేది సాధారణంగా ఈ పదార్థమే.

పాత గ్యాస్కెట్‌ను గ్రైండరుకు తగిలించిన పీచు డిస్కుతో తుడిచివేస్తే పని త్వరగా అవుతుంది కాని, డిస్కు నుంచి రాలే రేణువులు కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడే. పొరగా ఉండి లోహాన్ని కాపాడే పదార్థమే రేణువుగా నూనెలో కలిసి బేరింగులను అరగదీస్తుంది. జనరల్ మోటార్స్ సంస్థ ఈ డిస్కులు వాడవద్దని తన డీలర్లకు సర్వీస్ బులెటిన్ ద్వారా సూచించింది కూడా. ఇసుక బ్లాస్టింగు చేయించిన మానిఫోల్డ్ విషయంలోనూ, లోపలి మూలలలో చిక్కిన రేణువుల గురించి ఇదే భయం ఉంటుంది.

ఇక రంగు. గరుకుగా రుద్దితే చాలు, రంగు పట్టుకుంటుందన్న నమ్మకం సగమే నిజం. జిడ్డు మీద రుద్దితే ఎమెరీ కాగితం ఆ జిడ్డును గీతల లోపలికే నెడుతుంది, కాబట్టి కడగడం ముందు, రుద్దడం తరువాత, మళ్ళీ కడగడం ఆఖరున జరగాలి. పోతలోని సూక్ష్మరంధ్రాలలో దాగిన నూనెను బయటికి రప్పించడానికి భాగాన్ని కాస్త వేడిచేసి తుడవడం అవసరం. మామూలు ఉక్కు తీగల బ్రష్షు వాడితే విరిగిన ఇనుప రేణువులు మెత్తని అల్యూమినియంలో దిగబడి రంగు కింద తుప్పు మచ్చలవుతాయి. శుభ్రతను తేల్చడానికి నీళ్ళు చాలు: పోసిన నీరు ముత్యాల్లా విడిపోకుండా అంతటా ఒకే పలుచని పొరగా నిలిస్తే జిడ్డు పోయినట్టు, ఎక్కడైనా తెగితే అక్కడ మిగిలినట్టు.

ప్రైమర్ అంటే రెడాక్సైడే అనుకోవడం బహుశా అన్నిటికంటె విస్తృతమైన అపోహ. అది ఇనుము కోసం తయారైన ప్రైమర్. నునుపైన అల్యూమినియం మీద దాని పట్టు బలహీనం, సీసం కలిసిన పాతకాలపు ఎర్ర ప్రైమర్లైతే తేమలో అల్యూమినియాన్ని తినివేయడానికి తోడ్పడతాయి కూడా. ఫాస్ఫారిక్ ఆమ్లం గల ఎచ్ ప్రైమర్‌ను, లోహం లీలగా కనిపించేటంత పలుచగా వేయడం గాని, గరుకు చేసిన తలం మీద ఎపాక్సీ ప్రైమర్ వేయడం గాని తగినది. ఒకదాని మీద మరొకటి వేయడానికి ఆ ప్రైమర్ల తయారీదారు అనుమతి ఉండాలి, ఎచ్ ప్రైమర్ మీద నేరుగా పాలియెస్టర్ లప్పం పెట్టకూడదు. ఇంజిన్ కనుక అత్యధిక వేడిని తట్టే సైలెన్సర్ రంగే మంచిదన్న ఆలోచన కూడా ఇక్కడ బెడిసికొడుతుంది: సిలికోన్ రెసిన్‌తో చేసే ఆ రంగులలో చాలావరకు 200 డిగ్రీల సమీపంలో కాలితేనే గట్టిపడతాయి, ఇన్‌టేక్ భాగాలు సాధారణంగా అంత వేడెక్కవు, ఆ రంగు మెత్తగానే మిగిలి కార్బ్యురేటర్ నుంచి కారిన పెట్రోలుకు చెదిరిపోతుంది. మధ్యస్థమైన వేడికి తయారైన ఇంజిన్ ఎనామెల్ దీనికి సరిపోతుంది.

గ్యాస్కెట్ ముఖాలకు మాత్రం ఏ రంగూ తగలకూడదు, ఎందుకంటే ఒత్తిడికి రంగు పొర నలిగి బోల్టు వదులవుతుంది. అలా వదులైన బోల్టును మరింత బిగించడం కార్బ్యురేటర్ ఫ్లాంజికి, అంటే బోల్టులు పట్టే చెవుల పలకకు, చేటు తెస్తుంది. చెవులు వంగి నడిమి భాగం పైకి లేస్తుంది, గాలి మరింత చొరబడుతుంది, దానిని ఆపాలని ఇంకా బిగిస్తారు. 6 మిల్లీమీటర్ల బోల్టుకు అల్యూమినియంలో సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల దరిదాపు బిగింపు చాలు, యాంటీ సీజ్ పూసినచోట ఘర్షణ తగ్గుతుంది కాబట్టి అంతకంటె తక్కువే సరిపోతుంది. వంగిన ఫ్లాంజిని దళసరి గాజు పలక మీద పరచిన సన్నని వాటర్ పేపర్‌పై అరగదీసి, గీతలు చెవుల దగ్గరే కాక ముఖమంతటా సమంగా పడేదాకా ఆ పని కొనసాగించాలి.