చిన్నారి అతిథి వచ్చేలోగా...

సంతానం అల్లాహ్ ప్రసాదించే గొప్ప అనుగ్రహం. ఇంట్లో బిడ్డ పుట్టబోతున్నదంటే ఆ సంతోషం నానీ, దాదీలతో మొదలై ఇరుగుపొరుగు దాకా పాకుతుంది. ఏడో నెల వచ్చేసరికి కొనవలసిన వస్తువుల జాబితా తయారవుతుంది. ఊయల, దోమతెర, గిలకలు, జరీ కుల్లాయి, అఖీఖా విందుకు వంటమనిషి... అన్నీ ముందే మాట్లాడుకుంటారు. కాని బిడ్డ నోటికి మొదట ఏమి అందించాలి, కంటికి ఏమి పెట్టకూడదు, బాలింతకు ఎవరు సాయముండాలి అన్న సంగతులు చాలా ఇళ్లలో చర్చకే రావు. కాన్పు అయిన నాడు నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. అలసిపోయి మంచం మీదున్న తల్లి పెద్దలతో వాదించలేదు. అందుకే భార్యాభర్తలు, ఇరువైపుల పెద్దలు కాన్పుకు ముందే కూర్చుని ఈ విషయాలు తేల్చుకోవాలి. ఇంటిని సిద్ధం చేయడంలో మొదటి పని ఇదే.

గది ఎలా ఉండాలి?

తల్లీబిడ్డలకు ఇచ్చే గదిలోకి గాలి, వెలుతురు రావాలి. ఈదురుగాలి మాత్రం నేరుగా బిడ్డకు తగలకూడదు. సున్నాలు, రంగులు వేయించదలిస్తే వాసన పోయేలా చాలా రోజుల ముందే ముగించాలి. కొత్త బట్టలకన్నా ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలుబట్టలే పసి ఒంటికి హాయి. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు ఉంచండి. బిడ్డను ఎత్తుకునేవారు ఎంతటి దగ్గరివారైనా చేతులు కడుక్కోవలసిందే. దగ్గు, జలుబు ఉన్నవారు తగ్గేదాకా రాకపోవడం మంచిది. వుజూ అలవాటున్న ఇంట్లో ఈ నియమం ఎవరికీ భారం కాకూడదు.

పొగ విషయంలో గట్టిగా ఉండాలి. బీడీ, సిగరెట్లు సరే, లోబాన్ పొగ, దోమల చుట్ట పొగ కూడా పసివారి ఊపిరితిత్తులకు చెరుపే. చలికాలంలో తలుపులు బిగించి బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాపాయం. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బిడ్డను వెల్లకిలా, మెత్తన కాని చదునైన పరుపుపై పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, చుట్టూ పేర్చే మెత్తని దిండ్లు ముక్కుకు అడ్డుపడి ఊపిరి ఆడనివ్వవు. మెడలో నల్లతాడు, తావీజు వంటివి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. దిష్టి భయం ఉంటే ఫలఖ్, నాస్ సూరాలు పఠించి అల్లాహ్ శరణు కోరడం మన ధర్మం నేర్పిన మార్గం.

మొదటి గంట

బిడ్డ పుట్టగానే స్నానం చేయించి, ఆ తర్వాతే అజాన్ వినిపించాలని కొందరి పట్టుదల. వెంటనే స్నానం చేయిస్తే పసి ఒళ్లు చల్లబడుతుంది. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. శుభ్రంగా తుడిచి, తల్లి రొమ్మున పడుకోబెట్టిన బిడ్డ చెవిలోనే తండ్రి వంగి అజాన్ చెప్పవచ్చు. బొడ్డుపై నూనె, పసుపు, బూడిద ఏదీ రాయకూడదు. పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది.

గంటలోపే తల్లిపాలు పట్టాలి. పసుపుపచ్చగా, చిక్కగా వచ్చే ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. నిజానికి రోగాల నుంచి బిడ్డను కాపాడే శక్తి ఆ పాలలో మెండుగా ఉంటుంది. ఆపరేషన్ కాన్పు అయినా సాయం చేసేవారుంటే తల్లి త్వరలోనే పాలివ్వగలదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేదీ అక్కర్లేదు, మండు వేసవిలో మంచినీళ్లు కూడా. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. డబ్బాపాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. దివ్యఖుర్ఆన్ కూడా బఖరా సూరా 233వ వాక్యంలో పాలిచ్చే గడువును పూర్తి రెండేళ్లుగా పేర్కొన్నది.

ఇక తహ్నీక్ సంగతి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖర్జూరాన్ని నమిలి పసివారి అంగిలికి రాసేవారని హదీసులు తెలుపుతున్నాయి. ఖర్జూరానికి బదులు తేనె నాకించడం మన ఇళ్లలో వాడుకైంది. తేనెలో ఒక్కోసారి బాట్యులిజం అనే జబ్బును కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉంటాయి. పెద్దల పేగులు వాటిని తట్టుకుంటాయి. ఏడాది నిండని బిడ్డలో అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. కండరాలు చచ్చుబడి ఊపిరే ఆగిపోవచ్చు. తేనెలో స్వస్థత ఉందని నహల్ సూరా చెప్పిన మాట సత్యమే, కాని ఏ మేలైన వస్తువుకైనా తగిన వయసు ఉంటుంది. కనుక ఏడాది లోపు తేనె వద్దు. తహ్నీక్ చేయదలచినవారు ఎలా చేయాలో, ఎవరు చేయాలో వైద్యులను ముందుగానే అడగండి. చేసేవారికి అంటురోగాలు ఉండకూడదు. నెల తక్కువ బిడ్డ అయితే వైద్యులు సరేననేదాకా ఆగాలి. ఘుట్టీ, గ్రైప్ వాటర్ల జోలికి పోవద్దు.

సుర్మాదీ అదే కథ. బజారులో దొరికే సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. చేతులతో కళ్లు నులుముకుని అవే వేళ్లను నోట్లో పెట్టుకునే పసివాడి ఒంట్లోకి ఆ సీసం చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందం కోసం అంత మూల్యం చెల్లించాలా?

తల్లి మాటేమిటి?

అందరి చూపూ ఊయల మీదే ఉంటుంది. పాలిచ్చే తల్లికి అన్నవస్త్రాలు సమకూర్చే బాధ్యతను దైవగ్రంథం అదే 233వ వాక్యంలో తండ్రిపై ఉంచింది. నీళ్లు తగ్గించి, కూరలు మాన్పించి, కారప్పొడి మెతుకులతో పథ్యం పెడితే ఆమె ఎలా కోలుకుంటుంది? పప్పు, ఆకుకూరలు, గుడ్లు, మాంసం, పాలు అందాలి. వైద్యులిచ్చిన ఐరన్ మాత్రలు మానరాదు. నిఫాస్ రోజుల్లో నమాజు, రోజాల నుంచి ఆమెకు మినహాయింపు ఉంది. అంతే తప్ప ఆమె అంటరానిది కాదు, ఆమె ముట్టుకున్న గిన్నె మైల పడదు. రక్తస్రావం ఆలోగా ఆగితే నలభై రోజుల కోసం ఎదురుచూడక స్నానం చేసి నమాజు ఆరంభించవచ్చు. స్రావం మరీ ఎక్కువైనా, జ్వరం వచ్చినా, ఆమె అదేపనిగా ఏడుస్తూ దిగులుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఏడో రోజు, ఆపైన

అఖీఖా స్థోమత ఉన్నవారికి సున్నత్. అప్పు చేసి ఊరంతటికీ విందు పెట్టమని ధర్మం చెప్పలేదు. ఆ డబ్బులో కొంత అత్యవసరానికి విడిగా ఉంచుకోవడం వివేకం. బిడ్డకు మంచి అర్థమున్న పేరు పెట్టండి. పుట్టుకను 21 రోజుల్లోగా నమోదు చేయించండి. పేరు ఖరారు కాకపోయినా నమోదు ఆపనక్కర్లేదు, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికి, ఇతర అవసరాలకు పుట్టిన తేదీ రుజువుగా ఈ ధ్రువపత్రాన్నే చట్టం గుర్తిస్తుంది. కనుక పేరులో అక్షరాలు తల్లిదండ్రుల కాగితాలతో సరిపోయేలా చూసుకోవాలి.

గోడకు అంటించుకోండి

బిడ్డ పాలు తాగకపోయినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా క్షణం ఆగరాదు. 108కి ఫోన్ చేయండి. కాన్పు నొప్పులు మొదలైనప్పుడూ అదే నంబరు. రక్తమిచ్చే బంధువులెవరో, రాత్రివేళ తోడు వచ్చేదెవరో ఆ కాగితం మీదే రాసి ఉంచండి.

చివరగా ఒక మాట. ఆడబిడ్డ పుట్టిందని వినగానే ముఖం మాడ్చుకునేవారిని నహల్ సూరా తీవ్రంగా మందలించింది. కొడుకు కోసం కుట్టించిన కుల్లాయిని కూతురికి కూడా అంతే సంబరంగా తొడగగలిగితేనే ఆ ఇల్లు నిజంగా సిద్ధమైనట్టు. వచ్చే బిడ్డ ఎవరైనా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే. ఆ అమానతును కాపాడుకునే తెలివిని, ఓర్పును ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.