డాలరు లెక్కకు అద్దె, రూపాయి లెక్కకు కూలి

ధరణికోట: కృష్ణ ఒడ్డున అమరావతిని ఆనుకుని ఉన్న ఈ గ్రామానికి విదేశీ అతిథులు కొత్త కాదు. ఇదే శాతవాహనుల నాటి ధాన్యకటకం. 1960 దశకంలో పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో ఇక్కడ పాత పడవల రేవు బయటపడింది. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి, సుభూతి, సూర్యుడు అనే భిక్షువుల వద్ద అభిధర్మం చదువుకున్నాడు.

నెలల తరబడి ఉండే అతిథి వేరు, పూటలో చూసి వెళ్ళే యాత్రికుడు వేరు. స్తూపం, మ్యూజియం, అమరేశ్వరాలయం చూసుకుని సాయంత్రానికి గుంటూరు, విజయవాడ చేరుకునేవారు కాఫీకి, కొబ్బరి బోండానికి మాత్రమే ఖర్చు పెడతారు. బస చేసేవారికి గది, పాలు, కూరగాయలు, ఇస్త్రీ, ఆటో అన్నీ కావాలి. ఆ డబ్బు పది ఇళ్ళకు చేరుతుంది. దాని వెంటే ధరలూ ఎక్కుతాయి.

2006 జనవరిలో దలైలామా ఆధ్వర్యంలో అమరావతిలో కాలచక్ర ఉత్సవం జరిగినపుడు దేశ విదేశాల నుంచి బౌద్ధులు తరలివచ్చారు. గుడారాల ఊరే వెలిసింది. ఆనాడు డాలరు సుమారు 45 రూపాయలు. నేడు 85 దాటింది.

ఈ తేడా అద్దెపై ఎలా పనిచేస్తుందో చూడండి. 9 వేల రూపాయల అద్దె ఆనాటి లెక్కన 200 డాలర్లు. అదే గదికి నేడు 15 వేలు అడిగినా 177 డాలర్లకు లోపే. అంటే విదేశీయునికి నాటికంటే చవక. కాని మిర్చి కోతకు వెళ్ళే కూలీకి, ఊళ్ళో అద్దెకుండే చిరుద్యోగికి డాలరుతో పనిలేదు. పెరిగిన 6 వేలూ వారి నెత్తినే పడతాయి. అతిథి సెలవు తీసుకున్నంత తేలికగా ఎక్కిన అద్దె దిగదు.

2014లో తుళ్ళూరు ప్రాంతాన రాజధాని నిర్ణయం వెలువడ్డాక భూముల విషయంలోనూ ఇదే అనుభవం. భూసమీకరణ జరిగిన 29 గ్రామాలలో ధరణికోట లేదు. అయినా ధరల వేడి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. సొంత స్థలం ఉన్నవారికి అది కలిమి, ఇల్లు కట్టుకోవాలనుకునే కౌలు రైతుకు అందని ద్రాక్ష.

బుద్ధగయలో థాయిలాండ్, జపాన్, భూటాన్ బౌద్ధులు తమ ఆరామాలు కట్టుకున్నారు. యాత్రికులు వాటిలోనూ దిగుతారు. ఇక్కడ కూడా అతిథులకు ప్రత్యేక వసతి గృహాలు ఉంటే ఊరి ఇళ్ళు ఊరివారికి మిగులుతాయి. విదేశీయులకు గది ఇచ్చే యజమానులు వారి వివరాలను 24 గంటలలో అధికారులకు తెలియజేయాలన్న నిబంధనను మరువరాదు.

అతిథులు రావాలి, ఉండాలి. అయితే వారి రాకతో ఊళ్ళోనివారే ఊరు విడిచే పరిస్థితి రాకుండా పంచాయతీ, పర్యాటక శాఖ ఇప్పుడే ఆలోచించడం మంచిది.